చేతులు మారిన సైకిల్

తొంభైల్లో ఒక మధ్యాహ్నం ఆరాంఘర్‌లో శంషాబాద్ బస్సెక్కి, ముందువైపు సీటు దొరికితే కూర్చున్నాను. కాటేదాన్ వర్క్‌షాపు నుంచి వస్తున్న ఒకాయన వెనక మెట్ల మీదే ఇరుక్కుపోయాడు. చేతిలో ఫీట్లకు వాడే బీఎమ్మెక్స్ సైకిల్ ఫ్రేము, చక్రాలు లేకుండా.

"అన్నా, జర దీన్ని ముందుకియ్యుండ్రి!" అని అరిచాడు.

టికెట్టు డబ్బులు అందించుకున్నట్టే జనం దాన్ని తలల మీదుగా అందించారు. ఆడవాళ్ల సీట్లో ఒక పెద్దామె ఒంటిచేత్తో లేపి, "గిదేంది బిడ్డా, దీనికి బువ్వ పెడ్తలేవా?" అంది. బస్సంతా నవ్వింది. అయినా ఇనుమే కదా, బరువుంటుందని నేను ఊపిరి బిగబట్టి అందుకున్నాను. అది ఎగిరి పైకప్పుకు తగిలింది.

కాసేపటికి ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. జాతర్లో సైకిల్ ఫీట్లు చేస్తూ బరువు బండితో ఎగరబోయి మోకాలు విరగ్గొట్టుకున్నాడట. అందుకే సన్న గొట్టాలతో దీన్ని తనే అతికించుకున్నాడట. ఆ అతుకుల మీద బొటనవేలు రాస్తూ అన్నాడు: "దీని బరువైతే తీసేసిన అన్నా. ఇగ నా భయమే ఉన్నది."

శంషాబాద్‌లో దిగి, ఫ్రేమును ఒకసారి గాల్లోకి ఎగరేసి పట్టుకుని, కుంటుతూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు అదే దారిలో విమానాశ్రయానికి వెళ్తుంటాను. ఎక్కడైనా సైకిల్ ఆపి ఉంటే, ఎవరూ చూడకుండా ముందు చక్రం లేపి చూస్తాను. ఇంతవరకూ అన్నీ బరువే.