గుమ్మపాల గొప్ప

నోయిడాలో మా అపార్ట్‌మెంట్ వెనక సందులో గేదెల కొట్టం ఉందని తెలిసిన రోజు పొంగిపోయాను. ప్యాకెట్ పాలు తాగేవాళ్లంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపు. పొద్దున్నే వెళ్లి, కళ్లముందే పితికించుకుని, నురగ ఆరకముందే అక్కడే నిలబడి తాగేవాణ్ణి. ఆఫీసులో అందరికీ గుమ్మపాల మీద క్లాసు పీకేవాణ్ణి. కాచుకుని తాగమని మా ఆవిడ పోరేది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

పదేళ్ల మా అమ్మాయినీ వెంట లాక్కెళ్లేవాణ్ణి. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "పాపా, బద్బూ ఆ రహీ హై" అని ముక్కు మూసుకునేది. "బలం వస్తుంది, నోరు మూసుకుని తాగు" అనేవాణ్ణి. నోరు మూసుకుని ఎలా తాగుతుందో మరి! అమ్మకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

ఎండలు ముదిరే వేళకి నాకు జ్వరం పట్టుకుంది. సాయంత్రం వచ్చేది, తెల్లారేసరికి పక్కంతా చెమటతో తడిపి పోయేది. ఆ తర్వాత చెప్పుకోరాని చోట వాపు. సిగ్గుతో మా ఆవిడ దగ్గర కూడా దాచాను. నేను బయటెక్కడో తప్పు చేసి దాస్తున్నానని ఆమె చూపులో అనుమానం కనబడుతూనే ఉంది. ఆ రోజుల్లోనే అమ్మాయి మోకాలు నొప్పంది. స్కూలు ఎగ్గొట్టడానికి వేషాలని ఒక్క అరుపు అరిచి బస్సెక్కించాను.

చివరికి నడవలేకపోతే మా ఆవిడే ఢిల్లీ సాకేత్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరని అమ్మాయినీ తెచ్చుకున్నాం. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది: పశువుల నుంచి వచ్చే బాక్టీరియా, పేరు బ్రూసెల్లా, కాయని పాలతో ఒంట్లోకి చేరింది. జ్వరమూ వాపూ దానివేనట, కొందరికి కీళ్లనొప్పులూ వస్తాయట. కొన్ని వారాలు మందులు వాడాలంది. మా ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది.

ఇంట్లో ఇంకెవరైనా ఆ పాలు తాగారా అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ, ఆయనొక్కరే" అంది మా ఆవిడ, ఎంతో ధీమాగా.

డాక్టరమ్మ అమ్మాయి వైపు తిరిగి, నువ్వు తాగావా అంది. అది నా ముఖంలోకి చూసింది.

"నహీ, ఆంటీ."

చెయ్యి మాత్రం మోకాలు రుద్దుకుంటూనే ఉంది. వాపు గురించి పడ్డ సిగ్గు ఒక సిగ్గేనా అనిపించింది. తాగించింది నేనే, రోజూ తాగించానని చెప్పేశాను. మా ఆవిడ నా వైపు చూడను కూడా లేదు.

రక్తం తీయించుకోవడానికి వెళ్తూ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "మైనే నహీ బతాయా, పాపా" అంది. తను చెప్పలేదని, మాట తప్పలేదని నన్నే ఓదారుస్తోంది.