‘తిన్నావా’ అని అడిగిన సెల్లారు

మీరు నవ్వుకోవడానికి నా పరువు తెచ్చి ముందు పెడుతున్నాను, కాస్త చూసి వాడుకోండి. మదనపల్లెలో మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి పట్టపగలు మూడు గంటలకు కూడా ఎవరూ ఒంటరిగా దిగకుండా చేసిన ఘనుడిని నేనే. దానికి నాకు మంత్రాలేమీ అక్కర్లేకపోయింది. నాలుగు ప్లగ్గులు, ఒక పాత పెట్టె, అవసరానికి మించిన తెలివి సరిపోయాయి.

అప్పట్లో నేను అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు సెక్రటరీని. కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటును కూడా కాబట్టి, కరెంటు నా మాట వింటుందని గట్టి నమ్మకం. కింది అంతస్తులో టైలరు దుకాణం నడిపే ఖాజా భాయ్ నా ఉపన్యాసం విని పెట్రోలు బండి అమ్మేసి కరెంటు స్కూటరు కొన్నాడు. “ఛార్జింగు సంగతి నాకొదిలెయ్ భాయ్” అన్నాను. కొన్నాక తెలిసింది, దుకాణం ఓనరు ప్లగ్గు పెట్టనివ్వడని. సెల్లారులో కంపెనీ ఛార్జరు పెట్టిద్దామంటే, ధర వినగానే మా మీటింగు ఐదు నిమిషాల్లో ముగిసింది. కుట్టిన బట్టలు ఊరంతా తిరిగి ఇచ్చి రావడానికి ఖాజా భాయ్‌కి ఆ బండే దిక్కు. ఆయన నన్ను చూసే చూపుకు భయపడి నేను కొన్నాళ్లు వెనక గేటు నుంచి తిరిగాను.

చివరికి చవకైన ఉపాయం తట్టింది. అందరికీ కలిపి నాలుగు మామూలు ప్లగ్గులు, ఒక మీటరు, ఒక స్విచ్చు. ఆ స్విచ్చు కోసం పుంగనూరు దగ్గర మా చిన్నాయన చేను గుర్తొచ్చింది. అక్కడ బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ ఉంది. సిమ్ కార్డు వేసిన ఇనుప పెట్టె అది. ఇంట్లో కూర్చుని దానికి ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు ఆడుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. మోటారును ఆడించేది ప్లగ్గులను ఆడించదా!

చిన్నాయన పోయి రెండేళ్లు. బోరు ఎండిపోయి అంతకంటే ఎక్కువే. చిన్నమ్మ కుప్పంలో కూతురి దగ్గర ఉంటోంది. ఇంక అడగాల్సింది ఎవరినని, ఒక ఆదివారం వెళ్లి పెట్టె విప్పుకొచ్చేశాను. చూస్తే సిమ్ ఇంకా పనిచేస్తోంది. రెండేళ్లుగా దానికి ఎవరు రీఛార్జ్ చేస్తున్నారో అన్న అనుమానం నాకు రవ్వంత కూడా రాలేదు. ఉచితంగా దొరికిందని మురిసిపోయాను, అంతే.

పెట్టె గోడకు బిగించిన మరునాడే, మధ్యాహ్నం మూడింటికి ఖాజా భాయ్ ఫోన్ చేశాడు.

“సార్, సెల్లారులో ఎవురో ఉండారు.”

“ఎవరు?”

“తెలీదు సార్. ముసలామె గొంతు. మనిషి మాత్రం ల్యా.”

“ఏమంటాంది?”

“‘తిన్నావా’ అంటాంది సార్.”

నేను పగలబడి నవ్వాను. “తిన్నానని చెప్పకపోయావా భాయ్!”

“మీరే వచ్చి సెప్పండి సార్” అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మరునాడు సరిగ్గా అదే వేళకు మా అధ్యక్షురాలు సుగుణమ్మ గారి వంతు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఆమెను చూసి దయ్యాలు భయపడాలి గానీ ఆమె దయ్యాలకు భయపడదు. అలాంటామె సెల్లారులో చెప్పులు వదిలేసి, వట్టి కాళ్లతో మా ఇంటి తలుపు కొట్టింది.

“గడ్డి మొల్సిందంట సుధాకరా!”

“ఎక్కడ మేడం?”

“నాకేం తెలుసప్పా! ‘నీ మింద గడ్డి మొల్సిందంట, నేనొచ్చి పీకతాలే’ అనింది. గోడలోంచి! నన్ను సూసే అనింది!”

ఆ మాట విన్నాక నాకూ నవ్వు తగ్గింది. మా సెల్లారు మామూలుగానే మంచిది కాదు. పగలు కూడా చీకటి. ఒక్క ట్యూబులైటు, అదీ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మూల నుంచి నీటి చుక్క ఒకటి ఆగి ఆగి పడుతుంది. ఎవరో పెట్టిపోయిన టమోటా ట్రేల వాసన. ఆ గొంతు వచ్చే ముందు ఇంకో వింత జరిగేదని ఇద్దరూ చెప్పారు. ఎవరూ ముట్టుకోకుండానే పెట్టె ‘టక్’ మనేది. గోడ గరగరమనేది, గొంతు సవరించుకుంటున్న మనిషిలా.

“రేపు మూడింటికి నువ్వు దిగల్ల” అని సుగుణమ్మ గారు తీర్పు చెప్పింది. “ఏమీ లేకపోతే సరి. ఉంటే ఆ ప్లగ్గులన్నీ పీకించి సెల్లారుకు తాళమేస్తా.”

“నా బండి?” అన్నాడు ఖాజా భాయ్. ఆయన మొహం చూసి, దయ్యం ఉన్నా లేదని నిరూపించాల్సిందేనని నిశ్చయించుకున్నాను.

మూడింటికి ముగ్గురం దిగాం. ముందు నేను, నా చొక్కా పట్టుకుని ఖాజా భాయ్, ఆయన వెనక నిమ్మకాయతో సుగుణమ్మ గారు. బయట ఎండ పేలిపోతోంది. లోపల మాత్రం నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. నీటి చుక్క పడింది. ట్యూబులైటు ఆరింది.

టక్. గర్ర్ర్.

“ఏమయ్యో.”

ఖాజా భాయ్ గోళ్లు నా వీపులో దిగాయి.

“ఎండగా ఉండాదా ఆడ?” అంది గోడ. ఎంతో తీరిగ్గా, ఎంతో ప్రేమగా. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు. “ఒక్కడివే ఉండావా? పందులొస్తాండాయా?”

“పందులేంటి సార్ మళ్లీ!” అని ఖాజా భాయ్ గొణిగాడు.

“తిన్నావా?”

ఇక్కడే, మహాజనులారా, నా జీవితంలోని గొప్ప పొరపాటు జరిగింది. పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పాలని చిన్నప్పుడు బాగా తన్ని పెంచారు నన్ను. నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది.

“తి... తిన్నాను.”

గోడ మూగబోయింది. నీటి చుక్క కూడా ఆగినట్టనిపించింది. తర్వాత గొంతు మారి, మెల్లగా వినిపించింది.

“పలికినావా? ఉండు. ఆడనే ఉండు. వస్తాండా.”

మోకాళ్ల నొప్పులతో ఆరేళ్లుగా లిఫ్టు తప్ప ఎరగని సుగుణమ్మ గారు మెట్లెక్కడంలో మొదటి స్థానం. ఖాజా భాయ్ రెండు. నేను సగం మెట్లెక్కి ఆగిపోయాను. ఆ పందుల మాట నన్ను పట్టుకుంది.

అడవి పందులు! వేరుశనగ చేలో పందులు పడితే ఇంట్లోంచే అదిలించడానికి చిన్నాయన ఆ పెట్టెలో స్పీకరు పెట్టించాడు. అవి పారిపోయాయో లేదో వినడానికి మైకూ పెట్టించాడు. ఫోన్ చేసి అరిస్తే చేలో మోగేది. మేమంతా ఫోన్ చేసి నంబరు నొక్కి పెట్టేసేవాళ్లం, పెట్టెతో ముచ్చట్లు పెట్టుకునేదెవరు?

ఒకరున్నారు. మా వైపు పోయినవాళ్లను సొంత చేలోనే పూడుస్తారు. చిన్నాయనను ఆ బోరు పక్కనే పూడ్చాం. చిన్నమ్మ కుప్పం నుంచి రోజూ మూడింటికి ఫోన్ చేసి, రెండేళ్లుగా ఆయనతో మాట్లాడుతోంది. నేను ఆ మాటలు ఆయన నెత్తి మీద నుంచి ఊడబెరికి తెచ్చి స్కూటర్లకు తగిలించాను. పైగా ఆయన బదులు జవాబు కూడా చెప్పాను. మెట్ల మీదే కూలబడ్డాను. సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఫోన్ చేసి నిజం చెప్పొచ్చు కదా అంటారు మీరు. మొగుడు పలికాడని బస్సెక్కిన మనిషికి, పలికింది నేనని ఎట్లా చెప్పేది? ఆమె రాకముందే పెట్టె మళ్లీ చేలో ఉండాలి. విప్పి సంచిలో వేసుకుని, ఖాజా భాయ్‌కి సంగతి చెప్పి, ఆయన స్కూటరు వెనకెక్కాను.

“సగమే ఛార్జింగు ఉండాది సార్.”

“చాల్లే, పోనీ.”

“మీ సంచి మళ్లీ మాట్లాడితే నేను దూకేస్తా, ముందే సెప్తాండా.”

బండిని బతిమాలుతూ చేను చేరేసరికి పొద్దు గుంకుతోంది. చుట్టూ మనిషి లేడు. చిన్నాయన సమాధి మీద నిజంగానే గడ్డి మోకాలెత్తు పెరిగింది. పెట్టె బిగించి వైరు తగిలించాను. లైటు వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను.

టక్. గర్ర్ర్.

“సుధాకరా” అంది పెట్టె.

ఖాజా భాయ్ సమాధికి సలాము కొట్టేశాడు.

“ఎనక్కి తిరుగు.”

తిరిగాను. గట్టు మీద చిన్నమ్మ, చెవి దగ్గర ఫోను, రెండో చేతిలో చెప్పు.

“చిన్నమ్మా, పలికింది చిన్నాయన కాదు, నేను...”

“తెలుసులేరా! నలభై ఏండ్లు కాపురం చేసినా. తిన్నావా అంటే ఒక పొద్దన్నా పలికినాడా ఆయప్ప? బతికుండంగా పలకనోడు సచ్చినాక పలుకుతాడా? ఎవుడో దొంగ సచ్చినోడు పెట్టె ఎత్తకపోయినాడని అప్పుడే తెలిసె. పట్టుకుందామని వచ్చినా.”

దెబ్బలు తప్పించుకుంటూనే అడిగాను. “పలకడని తెలిసి రోజూ ఎందుకమ్మా అడిగేది?”

చిన్నమ్మ చెప్పు కిందేసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“అడిగేది నా పని. పలికేది ఆయన పని. ఆయన పని ఆయన ఏ పొద్దూ సెయ్యలేదు. నా పని నేను ఎందుకు మానల్లరా?”

ముగ్గురం కూర్చుని సమాధి మీద గడ్డి పీకాం. ఖాజా భాయ్ బండిలో ఛార్జింగు అయిపోయిందని వినగానే, ఆ బోరు ప్లగ్గుకే పెట్టుకోమంది చిన్నమ్మ.

సెల్లారుకు కొత్త పెట్టె వచ్చింది. అందరూ తలా కొంచెం వేసుకునేసరికి చవకే అయింది. “మాట్లాడకపోతే సాలు, ఇంకేమన్నా సేసుకోనీ” అని ముందు డబ్బిచ్చింది సుగుణమ్మ గారే. ఖాజా భాయ్ బండి ఊరంతా తిరుగుతోంది.

నేను మాత్రం సెక్రటరీ పదవికి రాజీనామా చేసి, సమస్త ప్లగ్గుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎవరి పెట్టె అయినా బతికున్నవాళ్లనే కాదు, పోయినవాళ్లను కూడా అడగనిదే విప్పను. ఆ పోయినవాళ్లు సరే అన్నారో, అసలే విప్పను.