మా టీచరమ్మ తీసేసిన సర్టిఫికెట్

మా పిలాటిస్ వ్యాయామాల టీచరమ్మ మంగళవారం పోయారు. గుండె ఆగింది. మూడు రోజులు తిరక్కుండానే, ఆమెకు శిక్షణ ఇచ్చిన సంస్థ యజమాని ఆమె ఫొటోకి దండ వేసి, ‘మా తొలి బ్యాచ్ ఆణిముత్యం. కొత్త టీచర్ల శిక్షణకు అడ్మిషన్లు మొదలు’ అని కంచరపాలెంలో తన గేటుకి బ్యానర్ కట్టాడు. అతనిచ్చిన సర్టిఫికెట్‌ని గోడ మీంచి తన చేత్తో తీసేసిన మనిషి ఆమె. పోయాక ఆమె పేరు ఇలా వాడుకోవడం దొంగతనం. దీనికి మరో పేరు లేదు.

నడుం పట్టేసి ఆమె మేడమీది హాలుకు చేరినవాణ్ణి నేను. చాప మీద నిదానంగా, ఊపిరి చూసుకుంటూ వెన్ను కదిలించడం నాకు చచ్చేంత విసుగు. నా జేబులో ఎప్పుడూ ఏదో ఉద్యమం కరపత్రం. “ఏటిరా, ఇయ్యాల ఎవల మీద కోపం? ముందు ఊపిరొగ్గు, తర్వాత కోప్పడుదువు గాని” అనేవారు టీచరమ్మ.

జాలరిపేట నుంచి ఒక మామ్మ వచ్చేది, చేపల గంప మోసి మోసి నడుం పోయినావిడ. సంస్థలో నేర్పినట్టే టీచరమ్మ ఆమెను ముందుకు వంచారు. ఎముకలు గుల్లబారినవాళ్ళను అలా వంచకూడదని అక్కడ ఎవరూ చెప్పలేదు. వెన్నుపూస చిట్లింది. మామ్మ మూడు నెలలు మంచం మీదే. టీచరమ్మ రోజూ వెళ్ళి తల దువ్వి, అన్నం పెట్టి వచ్చేవారు.

“ఒగ్గేయమ్మా, నువ్వు కావాలని సేసేవేటి?” అంది మామ్మ.

“కావాలని సెయ్యలేదు. తెలుసుకోలేదు. అదీ తప్పే” అన్నారు.

అప్పుడు వెతికారు, ఆ సర్టిఫికెట్ మీద బంగారు ముద్ర వేసిన ‘గుర్తింపు మండలి’ ఎవరిదని. ఆ యజమానిదే. పాఠం అతనిదే, పరీక్ష అతనిదే, ముద్రా అతనిదే. టీచరమ్మ భర్త పోర్టులో క్రేన్ నడిపేవారు. ఆయన పని చూసిన అనుభవంతోనే టీచరమ్మ నాతో అన్నారు: “బరువులెత్తే గొలుసు బాగుందని సేసినోడు సెప్తే సాలదురా. బయటోడొచ్చి బరువేసి సూత్తాడు. గొలుసు కింద మనుసులుంటారు కదా. మన సేతి కిందా మనుసులే.”

సర్టిఫికెట్‌ని గోడ మీంచి తీసేసి, హాలు మూసేశారు. యాభై దాటిన వయసులో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు, పాఠాన్నీ పరీక్షనూ ఏ సంబంధమూ లేని బయటివాళ్ళు తనిఖీ చేసే చోట. మొదటిసారి తప్పారు. ఆ సాయంత్రం వేడి పునుగుల పొట్లంతో వచ్చారు.

“నన్ను ఫెయిల్ సేసీసార్రా!”

“దానికి పునుగులేటి టీచర్?”

“ఇన్నాళ్ళకి నన్నొకలు నిజంగా సూసార్రా. మెడ కాడ సెయ్యి తప్పు పెడతన్నానంట. తినెహె!”

మలిసారి నెగ్గారు. హాలు తెరిచాక మొదట పిలిచింది ఆ మామ్మనే. మామ్మ భయపడుతూనే వచ్చింది, భయపడుతూనే పడుకుంది, లేచేటప్పుడు నవ్వింది.

నిన్న ఆ హాలు తాళం తీశాను. పక్కనున్న పట్టాల మీద రైలు వెళ్తే కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. చాపలు చుట్టి ఉన్నాయి. చుట్టింది ఆమే. విప్పడానికి చేతులు రాలేదు.

ఆదివారం ఆ సంస్థలో కొత్తవాళ్ళను చేర్చుకుంటారట. ఆమె ముఖం చూసి నమ్మి చేరతారు. రేపు వాళ్ళ చేతుల కింద మన అమ్మలు పడుకుంటారు. అందుకే ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ గేటు దగ్గరికి రండి. ఎవరి దారీ ఆపొద్దు, కేకలు వద్దు. చేరడానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతా లోపల ఆ యజమానిని ఒక్క మాట అడిగిద్దాం: “మీరు నేర్పేది సరైనదేనని చూసే బయటివాళ్ళెవరు?”

జవాబు వచ్చేదాకా అక్కడే నేల మీద కూర్చుందాం, వెన్ను నిటారుగా.