షహజాది ఖాలా ఫోన్ తీసేసింది

పేరు షహజాది. అంటే రాకుమారి. పెట్టినవాళ్లకు ఆ సరదా ఎందుకు పుట్టిందో గానీ, భవానీపురంలో ఆవిడ రాకుమారిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్న పూట ఒక్కటి చూశామని ఎవరినైనా చెప్పమనండి. ముప్పై ఏళ్లుగా ఆవిడ చేస్తున్న పని చనిపోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం చేయించడం. గుసుల్ అంటారు. ముస్లిం ఇళ్లలో ఆడమనిషి పోతే ఆడవాళ్లే కడగాలి, ఆడవాళ్లే కఫన్ గుడ్డ చుట్టాలి. ఆ తర్వాతే మగవాళ్లు శవాన్ని పెట్టిన జనాజా మంచం ఎత్తుతారు. దీనికి జీతం లేదు, బత్తెం లేదు. వెళ్లిన ఇంట్లో ఆవిడ కప్పు టీ కూడా తాగదు.

ఆవిడను అందరూ ఖాలా, అంటే పిన్ని, అంటారు. ఎవరింట్లో ఆడమనిషి పోయినా ముందు మోగేది ఖాలా ఫోనే. మసీదులో జనాజా మంచం పెట్టే గది ఉంటుంది చూడండి, ఆ గోడ మీద ఆవిడ నంబరు నల్ల పెయింటుతో రాసి ఉంది. వించిపేట నుంచి గొల్లపూడి దాకా ఆ పది అంకెలూ చూడకుండా చెప్పేవాళ్లున్నారు.

ఇప్పుడు ఆవిడకు అరవై మూడు. వంగితే లేవలేదు, లేస్తే కాసేపు గోడ పట్టుకోవాలి. మోకాళ్ల సంగతి అలా ఉంచండి, మనసు అరిగిపోయింది. కడిగిన మనిషి తాను చూసింది బయట చెప్పకూడదు. ఈ పనికి అదొక నియమం. ఆవిడ వాతలు చూసింది. ఆసుపత్రి కుట్లు చూసింది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేక దాచుకున్న గడ్డలు చూసింది. ముప్పై ఏళ్లుగా అన్నీ కడుపులోనే పెట్టుకుంది. మొన్న రంజాన్ వెళ్లిన వారానికి పందొమ్మిదేళ్ల పిల్లను కడిగి ఇంటికొచ్చింది. అన్నం కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కలిపిన ముద్ద అలాగే వదిలేసి, "ఇక నా వల్ల కాదు జాహిద్" అంది కొడుకుతో.

వల్ల కాదంటే అయిపోయిందా? ఫోన్ వింటుందా ఆ మాట? మర్నాడే మళ్లీ మోగింది. "ఖాలా, అత్తమ్మ పోయింది" అని అవతల ఎవరో భోరున ఏడుస్తుంటే, "నేను మానేశానమ్మా" అనడానికి నోరెలా వస్తుంది? ఆవిడ చెప్పులేసుకునేది. ఒకసారి ధైర్యం చేసి స్విచాఫ్ చేసి చూసింది. రోజంతా దొంగతనం చేసినదానిలా కూర్చుని, మళ్లీ తనే ఆన్ చేసుకుంది.

అలాంటి సమయంలో కంపెనీవాళ్ల మెసేజ్ వచ్చింది. ఆటోనగర్‌లో పని ముగించుకుని వచ్చిన జాహిద్ చదివి వినిపించాడు. మరింత మెరుగైన సేవలు అందించే ఉద్దేశంతో, ఖాలా పన్నెండేళ్లుగా వాడుతున్న పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ఎత్తేశారట. వచ్చే నెల నుంచి బిల్లు రెట్టింపు. బదులుగా సినిమాలు చూసుకోవచ్చట, క్రికెట్ చూసుకోవచ్చట. ఖాలాది బటన్ల ఫోన్. ఆవిడ సినిమా ఎక్కడ చూస్తుంది, బటన్ల సందుల్లోనా? ఇష్టం లేనివాళ్లు ముప్పై రోజుల్లోగా కనెక్షన్ రద్దు చేసుకోవచ్చని కూడా రాశారు పాపం, మహానుభావులు.

"వేరే కంపెనీకి మారిపోదాం అమ్మీ. నంబరు అదే ఉంటుంది," అన్నాడు జాహిద్.

"అదే వద్దంటున్నా. నంబరే వద్దు."

జాహిద్ తల్లి మొహం చూశాడు. బీరువాలోంచి ఆవిడ ఆధార్ కార్డు తీసి చేతికిచ్చాడు.

ఖాలాకు ఎంత తేలికైందో చెప్పలేను. రేపెవరైనా నిలదీస్తే చెప్పడానికి జవాబు దొరికింది: కంపెనీవాళ్లు రూల్స్ మార్చేశారమ్మా, ఏం చేయమంటావు, తీసేశాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరికీ లేదనలేని మనిషి, లేదనే పనిని తీసుకెళ్లి కంపెనీ నెత్తిన పెట్టింది. పిరికితనమే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసినా ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి బందరు రోడ్డులోని షోరూమ్‌కి వెళ్లింది. టోకెన్ ఇచ్చారు. ఏసీకి మోకాళ్లు పట్టేస్తుంటే గంటంపావు కూర్చుంది. కొత్త కనెక్షన్ కావాలన్నవాళ్లను మాత్రం నవ్వుతూ చకచకా పిలిచేస్తున్నారు. ఆఖరికి ఖాలా వంతొచ్చింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి మెడలో కార్డు మీద శాలిని అని ఉంది.

"క్యాన్సిల్ చేయడానికి రీజన్ ఏంటి మేడమ్?"

"రూల్స్ మార్చేశారుగా అమ్మా."

శాలిని ఏదో టైప్ చేసింది, ఎవరికో ఫోన్ చేసింది, తలూపింది, నవ్వింది. "మీది పన్నెండేళ్ల కనెక్షన్ కదా మేడమ్. మీకు స్పెషల్‌గా పాత ప్లానే కంటిన్యూ చేసేస్తాం. ఏమీ మారదు. ఓకేనా?"

ఉన్న ఒక్క సాకునూ ఈ పిల్ల నవ్వుతూ లాగేసుకుంది.

"వద్దమ్మా."

"ఆరు నెలలు సగం బిల్లే కట్టండి."

"వద్దు తల్లీ."

"మరి ప్రాబ్లమ్ ఏంటండీ? సిగ్నల్ రావట్లేదా? కస్టమర్ కేర్ వాళ్లు సరిగ్గా మాట్లాడలేదా? ఏదో ఒకటి టిక్ పెట్టకపోతే ఇది ముందుకెళ్లదు మేడమ్."

"అలసిపోయానమ్మా," అంది ఖాలా. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. అంతమంది మధ్యలో, ఆ ఏసీలో, ఊరూపేరూ తెలియని పిల్ల ముందు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పేసింది, తాను చేసే పనేమిటో, ఈ నంబరుకు వచ్చే ఫోన్లు ఎలాంటివో.

శాలిని కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. తన నీళ్ల సీసా మూత తీసి ముందుకు జరిపింది. కాసేపటికి మేడమ్ అనడం కూడా మానేసింది.

"మీరింకెవరికీ నేర్పలేదా ఆంటీ?"

"నేర్చుకోడానికి ఎవరొచ్చారమ్మా? ఖాలా ఉందిగా, ఫోన్ చేస్తే వస్తుందిగా, అనుకుంటారు."

ఆ మాట అంటుంటే కడిగే చోట తెర వెనక నిలబడి వణికే కూతుళ్లు గుర్తొచ్చారు, కోడళ్లు గుర్తొచ్చారు. వాళ్లను ఎన్నిసార్లు బయటికి పంపేసింది! మీకెందుకమ్మా, మీరు భయపడతారు, నేను చూసుకుంటాగా, అని. జాలిపడే అంది. కానీ ఎవరినీ దగ్గరికి రానివ్వనిది తనే కదా. ఇదంతా అర్థమయ్యాక కూడా ఆవిడ అలసట ఒక్క పిసరు తగ్గలేదు. తగ్గుతుందని నేను అబద్ధం చెప్పను.

"సిగ్నల్ లేదని టిక్ పెడుతున్నా ఆంటీ. నా లిస్టులో మీ కారణం లేదు," అంది శాలిని. ఓటీపీ వచ్చింది. ఖాలా ఆరంకెలూ ఒక్కొక్కటే చదివి చెప్పింది.

పది రోజులు ఇంట్లో ఏమీ మోగలేదు. మసీదు కమిటీవాళ్లు జాహిద్‌ని రెండు మాటలన్నారు, అతను పడ్డాడు. పదకొండో రోజు పొద్దున వెనక వీధి నుంచి ఆఫ్రీన్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, బళ్లో టీచరు.

"ఖాలా, అమ్మ పోయింది. మీ ఫోన్ కలవట్లేదు..."

కంపెనీవాళ్లు రూల్స్ మార్చారన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఖాలా దాన్ని మింగేసింది.

"నేనే తీసేయించానమ్మా. ఇక నేను చేయలేను. ఒళ్లు సహకరించట్లేదు, మనసూ రావట్లేదు."

ఆఫ్రీన్ గుమ్మం పట్టుకుంది. "మరి అమ్మని ఎవరు కడుగుతారు?"

"నువ్వు."

"అమ్మో, నాకు భయం ఖాలా!"

"మీ అమ్మంటే భయమా?"

ఖాలా గోడ పట్టుకుని లేచి చెప్పులు వెతుక్కుంది. "పద. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటా. ఎలా చేయాలో చెబుతా. చెయ్యి మాత్రం వేయను."

అన్నట్టే చేసింది. చుట్టూ దుప్పట్లు కట్టారు, మనిషిని బల్ల మీద పడుకోబెట్టి పైన గుడ్డ కప్పారు. ఖాలా కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుంది. ముడుచుకోకపోతే అవి ఆగేట్టు లేవు. "బిస్మిల్లా అను. కుడిపక్క ముందు. గుడ్డ తీయకు, కిందనుంచే చెయ్యి పోనియ్," అని ఒక్కో మాటా చెబుతోంది.

ఆఫ్రీన్ బకెట్లో మగ్గు ముంచింది. సగం నీళ్లు నేలపాలయ్యాయి. మళ్లీ ముంచింది. తల్లి భుజం దాకా తీసుకెళ్లి, ఉన్నట్టుండి ఆగి, ఆ నీళ్లు తన మణికట్టు మీద కాస్త ఒంపుకుని చూసుకుంది.

"వేడెక్కువైందేమో ఖాలా, అమ్మకి కాలుతుంది. కొంచెం చన్నీళ్లు కలపనా?"

ముప్పై ఏళ్లలో ఎంతమందిని ఎంత భక్తిగా కడిగిందో ఖాలాకే లెక్క తెలియదు. ఆ మాట అడగాలని మాత్రం ఒక్కనాడూ తట్టలేదు. కళ్లు తుడుచుకోడానికి కూడా చేతులు విప్పలేదు.

"కలుపు తల్లీ. మీ అమ్మ ఎంత వేడి ఓర్చుకుంటుందో నాకేం తెలుసు, నీకే తెలుసు."