చాప మీద కూర్చున్న దొర

మొన్న శుక్రవారం, ఇక్కడ ఒమాన్‌లో, ఘుబ్రాలోని మా ఫ్లాట్‌లో అన్నం చల్లారిపోతున్నా మా అమ్మాయి ప్లాను ముందునుంచి లేవలేదు. కంపెనీ దాన్ని నమ్మి మొదటిసారి సొంతంగా ప్లాను గీయమని ఇచ్చిన ఇల్లు, ఖురియాత్ ఊళ్లో ఒక ఒమానీ పెద్దాయనది. ఆయన ప్లాను మళ్లీ తిప్పి పంపాడు. "మజ్లిస్‌లో ఊపిరాడదంటాడు, ఎందుకో చెప్పడు. ఈసారీ కాదంటే పని ఇంకొకళ్లకి ఇచ్చేస్తారమ్మా," అని ముక్కు ఎగబీల్చింది. అతిథులు కూర్చునే గది, అంత పెద్దది, అన్ని కిటికీలు! ఇంకేం కావాలట ఆ మహానుభావుడికి? ఆసుపత్రి డ్యూటీ తప్ప నాకేం తెలుసు గానీ, ఆ కిటికీలు చూస్తుంటే మా తాతమ్మ చెప్పిన దొర గుర్తొచ్చాడు.

ఇంగ్లండులో చర్చిలు కట్టడం నేర్చుకుని, మీసాలు సరిగ్గా రాకముందే మిషను వాళ్లతో మా గోదావరి ఊరికి వచ్చాడట. తొలి చర్చి అచ్చం వాళ్ల దేశంలోలాగే కట్టాడు. మంచు జారిపోవడానికి నిటారు కప్పు! మా ఊళ్లో మంచు! అది చెబుతూ తాతమ్మ నవ్వి నవ్వి పొలమారేది. ఓడలో తెప్పించిన బల్లల్ని మనవాళ్లు గోడవారకు నెట్టేసి, చాపలు పరుచుకుని, ఆడవాళ్లొక పక్క మగవాళ్లొక పక్క కూర్చున్నారు. దొర చిన్నబుచ్చుకున్నాడు. ప్రసంగం మధ్యలో జనం ఉక్కకి సొమ్మసిల్లుతుంటే భక్తి అనుకున్నాడు పాపం. చర్చి జనమంతా కలిసి తినే ఒక ప్రేమవిందులో ఆయన్నీ చాప మీద కూర్చోబెట్టి ఆకు వేశారు. చెమట కారి అన్నంలో పడుతుంటే తలెత్తి చూశాడట. కిటికీ గట్టు ఆయన నెత్తికి పైనుంది. బల్ల మీద కూర్చునేవాళ్ల కోసం పెట్టిన కిటికీ అది! వచ్చిన గాలంతా చాపల మీది జనానికి అందకుండా పైపైనే పోతోంది. దొర లేచి, ఎంగిలిచేత్తోనే గోడ మీద మోకాలెత్తున ఒక గీత గీశాడట.

ఆ తర్వాత ఆయన కట్టిన బడికీ, నేను నర్సింగు నేర్చుకున్న ఆసుపత్రికీ కిటికీలు మోకాలెత్తునుంచే మొదలవుతాయి. ముసలితనంలో వాళ్ల దేశం వెళ్లి అక్కడా అలాగే కట్టబోతే, చలికి వణుకుతూ జనం తిట్టిపోశారనేది తాతమ్మ. నిజమో కల్పనో, ఎవరు చూడొచ్చారు!

"నువ్వెప్పుడైనా ఆ పెద్దాయన ఇప్పుడున్న ఇంటి మజ్లిస్‌లో కింద కూర్చున్నావుటే?" అన్నాను.

"లేదమ్మా, నాకు కుర్చీ వేస్తారు..." అంటూ ఆగిపోయింది. ప్లాను పట్టుకుని అక్కడే నేల మీద చతికిలబడింది.

నిన్న ఖురియాత్ నుంచి మా అమ్మాయి ఫోను. ఆయన పాత ఇంట్లో నేల మీద పరిచిన పరుపుపై కూర్చుని, ఆయనతోపాటు ఖర్జూరాలు తిని, కిటికీలు కిందికి దించిన కొత్త ప్లాను ముందు పెట్టిందట. "జైన్, జైన్, బాగుందన్నాడమ్మా! పని నాదే! ఇక్కడ కిటికీలు నేలకి ఆనుకునే ఉన్నాయి, ఎంత గాలో!" నాకు కళ్లు చెమర్చాయి. దొర పోయి, తాతమ్మ పోయి ఎన్నేళ్లయిందో. ఆనాడు చాప మీది వాళ్లకి అందని గాలి, ఇన్నాళ్లకి మా పిల్ల మొహాన తగిలింది.