గెనోవెఫా అత్త డప్పు

మా మేళంలో బాసు అనే పెద్ద ఫిడేలు నాది, డప్పు గెనోవెఫా అత్తది. అసలు ఆ డప్పు ఆమె మొగుడిది. ఒక పెళ్లిలో ఆయన తాగి బల్ల కింద పడిపోతే ఆమె పుల్ల అందుకుని తెల్లవార్లూ వాయించింది. మళ్లీ ఆయనకు తిరిగివ్వలేదు. మా రాదొమ్ చుట్టుపక్కల పల్లెల్లో ఏ పెళ్లికి వెళ్లినా ముందు పొయ్యి ఎక్కడుందో వెతుక్కుంటుంది, తోలు కాచుకోవడానికి. నన్ను మొద్దూ అనే పిలుస్తుంది. అయినా ఆమె పక్కన వాయించడం నా అదృష్టం.

మజురెక్ అనే గిరగిర తిరిగే నాట్యం ఆడదలచినవాడు మేళం ముందు నిలబడి తన సొంత పాట ఎత్తుకోవాలి, ఫిడేలు దాన్ని అందుకోవాలి. ఒకరి పాట ఇంకొకరు పాడితే తన్నులాటే.

యాగొదా అనే పిల్ల పెళ్లిలో అక్కడే ఇరుక్కుపోయాం. పూలకిరీటం తీసి తలకు పెళ్లయిన ఆడవాళ్ల టోపీ కట్టేముందు పెళ్లికూతురు తండ్రితో ఆడాలి. తండ్రి వాలెంతికి ఆ చలికాలమే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఆయన చారల కోటు వేసుకుని మా ముందుకొచ్చి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. యాగొదా ఆయన చెయ్యి వదల్లేదు.

"ఏదో ఒకటి వాయించేద్దామా?" అన్నాడు ఫిడేలు వితెక్, నా చెవిలో.

"నోర్ముయ్. ఆయన ఆటకి ఎవడి పాటో ఏంట్రా," అంది గెనోవెఫా. వాలెంతి వైపు తిరిగింది. "ఏమయ్యా, కాళ్లు కూడా పడిపోయాయా? చెప్పు, కుర్చీ వేయిస్తాను."

వాలెంతికి ఒళ్లు మండింది. మడమతో నేలను తన్నాడు. ఆ దెబ్బను ఆమె డప్పు మీద పట్టుకుంది. మళ్లీ తన్నాడు, మళ్లీ పట్టుకుంది. ఫిడేలు లేదు, బాసు లేదు. ఆ కాలూ, ఈ డప్పూ అంతే. కాసేపటికి ఆయన గొంతు కదిలింది. అరిగిన గొంతే, కానీ పాట మొత్తం వచ్చింది, మాటలతో సహా. వితెక్ అందుకున్నాడు. నాకు కళ్లు మసకబారి తప్పు తీగ మీటాను. ఎవరూ పట్టించుకోలేదు. తండ్రీ కూతురూ హాలంతా గిర్రున తిరిగారు.

ఆట ఆగాక యాగొదా రొప్పుతూ అడిగింది, "నాన్నా, నా పేరు పిలువు. ఒక్కసారి."

ఆయన మళ్లీ నోరు తెరిచాడు. పేరు రాలేదు. టోపీ పట్టుకున్న ఆడవాళ్లు దగ్గరికి వచ్చారు.

"మీరాగండే," అంది గెనోవెఫా, డప్పు ఎత్తి.

వాలెంతి మడమ కదిలింది. అదే వరస మీద పాడాడు, "యాగొదా, నా యాగొదా." ఆ పాటలో ఆ పేరు అంతకుముందెప్పుడూ లేదు.