అవ్వ చూసిన ఎడారి ఆకాశం

మొన్న బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా కూతురి ఇంటికి పోయినప్పుడు మనవరాలు ఫోను నా ముఖం ముందు పెట్టి, ఎర్రమట్టి దిబ్బల ఫోటోలు రెండు చూపించి, వీటిలో ఒకటి మన భూమి మీది ఎడారి, ఇంకొకటి అంగారకుడు, ఏది ఏదో చెప్పజ్జీ అని అడిగింది. అవ్వను ఇక్కడి పిల్లలు కన్నడంలో అజ్జీ అనే పిలుస్తారు. కళ్ళద్దాలు తుడుచుకుని ఎంతసేపు చూసినా రెండూ ఒకటే రాళ్ళు, ఒకటే మట్టి, రెంటిలోనూ పురుగన్నది లేదు. చివరికి ఏదో ఒకటి చెప్పాను, తప్పయింది. పిల్ల పకపకా నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఇదే తప్పు పదమూడేళ్ళ వయసులో ఒకసారి చేసి, మా అవ్వను రెండు నెలలు ఏడిపించిన ఘనురాలిని నేను.

అప్పుడు మా కాపురం ఈ ఊళ్ళోనే, కబ్బన్‌పేటలో. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ వీధుల్లో ఏ ఇంట్లోకి తొంగి చూసినా గుంట మగ్గం, నేసే మనిషి నడుము దాకా నేలలో, పొద్దస్తమానం ఆ చప్పుడు. మాదీ అలాంటి ఇల్లే. నాయన నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, నాయన తల్లి అయిన మా అవ్వ చిలపలనే పట్టు దారపు చుట్టలు వాకిట్లో వెలుతురుకు పట్టుకుని రంగులు ఏరేది. మాకు నలుపంటే నలుపే, అవ్వకు మాత్రం నలుపులో నాలుగైదు నలుపులు కనిపించేవి. చదువు లేదు, సంతకానికి వేలిముద్రే, కానీ రంగు విషయంలో అద్దకం వాళ్ళు కూడా ఆమెతో వాదానికి దిగేవారు కాదు.

మా చిన్నాయన ఒక్కడే మగ్గం గుంటలో దిగనని మొండికేసి, చదువుకుని, నేలలో నీళ్ళెక్కడున్నాయో వెతికే సర్కారు ఉద్యోగంలో చేరి రాజస్థాన్ ఎడారికి పోయాడు. ఆ రోజు నుంచి అవ్వ సంకష్టి అనే వినాయకుడి వ్రతం పట్టింది. నెలనెలా పౌర్ణమి పోయిన నాలుగోనాడు పగలంతా పస్తు, చంద్రుణ్ణి చూసి, అర్ఘ్యం వదిలి, ఆ తర్వాతే కడుబులనే కుడుములూ అన్నమూ. వినాయకుడు సరే, కొడుకును ఆ ఇసుకలో కనిపెట్టుకుని ఉండేది మాత్రం చంద్రుడేనని ఆమె లెక్క. ఇక్కడ కనిపించే చంద్రుడే అక్కడా కనిపిస్తాడు కదా అనేది. ఆ నమ్మకంతోనే నిద్రపోయేది పాపం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాలుగు రోజులు జ్వరమొచ్చి బడికి పోలేదు. ఐదో రోజు పోయేసరికి, సైన్స్ మేష్ట్రు ఏదో విదేశీ పత్రికలోంచి కత్తిరించిన ఫోటో గోడకు అంటించి ఉంది. బోర్డు మీద చంద్రుడి పాఠం. ఫోటోలో గుంటలు గుంటలుగా ఉన్న నేల, చెట్టూ చేమా లేదు, తలకు బుడ్డి లాంటిది తగిలించుకుని, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని ఇద్దరు మనుషులు. ఇంకేముంది, మనుషులు చంద్రుడి మీదికి పోయేశారు, నేనే జ్వరంలో పడి ఆ కబురు వినలేదు అనుకున్నాను. ఎవరినైనా అడగొచ్చు కదా! అడిగితే ఈ మాత్రం తెలియదా అని నవ్వుతారని భయం.

ఇంటికి పరుగెత్తి, ముందూ వెనకా చూడకుండా అవ్వకు చెప్పాను. ఆ రోజు సంకష్టి అన్న ధ్యాస కూడా నాకు లేదు. అవ్వ చేతిలోని పట్టు చిలప పక్కన పెట్టేసింది. ఒకటే అడిగింది.

"చెప్పులేసుకోని తొక్కినారా పాపా?"

బూట్లు అన్నాను, అదేదో మేలైనట్టు. తులసికోట చాయలకు కూడా చెప్పులతో రానివ్వని మనిషి మా అవ్వ. ఆ రాత్రి చంద్రుడు వచ్చాడు, అవ్వ చూసింది, చెంబు కింద పెట్టేసి లోపలికి వచ్చి పడుకుంది. బూట్లతో తొక్కిన దేవుడికి అర్ఘ్యం ఎలా వదిలేది, వదలకుండా ఎలా తినేది? నాయన ఎంత బతిమాలినా లేవలేదు. పైగా ఆ నెల చిన్నాయన దగ్గర నుంచి ఉత్తరం రాలేదు. వ్రతం చెడింది, బిడ్డకు ఏదో అయిందని అవ్వ తీర్మానించుకుని రోజుకు ఒక పూటే తినసాగింది. మరుసటి నెల సంకష్టికీ అదే కథ. మనిషి చిక్కి సగమైంది. అంతా నా నోటి తొందర వల్లే.

ఆఖరికి సిగ్గు విడిచి మేష్ట్రునే అడిగాను, చంద్రుణ్ణి బూట్లతో తొక్కితే మైల ఎలా పోతుంది సార్ అని. ఆయన తెల్లబోయి, ఆనక విషయం కనుక్కుని, ఒసే పిచ్చిదానా, అది చంద్రుడు కాదు, ఎవరూ ఇంకా పోనేలేదు, అది భూమి మీది ఎడారే, చంద్రుడి మీది నేల అలాగే ఉంటుందని అక్కడ మందుగుండు పెట్టి గుంటలు పేల్చి, పోబోయేవాళ్ళు వాటిలో నడక నేర్చుకుంటున్నారు అని చెప్పాడు. నా తల ఇంకా తిరిగిపోయింది. చంద్రుడి మీదికి పోవడానికి భూమిని చంద్రుడిలా చేయడమేమిటి? అయితే చిన్నాయన ఉన్నది కూడా సగం చంద్రుడేనా? ఇవన్నీ అడిగే ధైర్యం లేక, ఫోటో మాత్రం ఇప్పించుకుని ఇంటికి తెచ్చాను. అవ్వ దాన్ని వెలుతురుకు పట్టుకుని పైనా కిందా చూసి, ఎడారేనా అని రెండుసార్లు అడిగి, ఆ పూట కడుపునిండా తినింది. వారానికి చిన్నాయన ఉత్తరమూ వచ్చింది. ఇక్కడ రాత్రి వేసిన అడుగు తెల్లారేసరికి గాలికి చెరిగిపోతుందని రాశాడు.

ఆ తర్వాత అరవై తొమ్మిదిలో నిజంగానే చంద్రుడి మీదికి పోయారు. వీధంతా అదే మాట. ఈసారి నేనే నాయననూ అమ్మనూ కూర్చోబెట్టి, అవ్వ చెవిన పడకూడదని ఒట్టు వేయించాను. పన్నెండు రోజులు మగ్గం చప్పుడు మాటున దాచాం. సరిగ్గా సంకష్టి నాడు కడుబులకని తెచ్చిన బెల్లం పొట్లం విప్పి, ఆ కాగితం మడతలు సాపు చేస్తూ అవ్వ కూర్చుని ఉంది. అది దినపత్రిక ముక్క, అందులో చంద్రుడి మీద దిగినవాళ్ళ ఫోటో. అవ్వ అడగకముందే, అది కూడా ఎడారేలే అవ్వా, అప్పటి మాదిరే, అన్నాను.

అవ్వ కాగితాన్ని వాకిలి దగ్గరికి తీసుకుపోయి చూసింది.

"నేల మీద ఎండ కాస్తా ఉండాది, నీడ పడి ఉండాది. ఆకాశం చూస్తే బొగ్గు మాదిరి ఉండాది. పట్టపగలు ఇంత నల్లటి ఆకాశం యా ఊర్లో ఉండాది పాపా?"

ఆ రాత్రి తొమ్మిది గంటలప్పుడు మబ్బులు విడి చంద్రుడు కనిపించాడు. అవ్వ చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఈసారి కూడా కింద పెట్టేస్తుందనే అనుకున్నాను. అప్పుడు నా వైపు తిరగకుండానే అడిగింది.

"పోయిన బిడ్డలు తిరిగి ఇంటికి వచ్చినారా?"

"వచ్చినారవ్వా" అనేశాను, నా అబద్ధం నేనే మరిచిపోయి.

అవ్వ అర్ఘ్యం వదిలింది. "అన్నం పెట్టమను మీయమ్మను" అంటూ లోపలికి నడిచింది.

ఆ మరుసటి ఏడు చిన్నాయన బదిలీ మీద బెంగుళూరు వచ్చేశాడు. అయినా అవ్వ సంకష్టి మానలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మొదటి ఫోటోలో కూడా ఆకాశం చూసే నన్ను నమ్మిందా, నా మొహం చూసి తినిందా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. ఇప్పుడు ఆ సంకష్టి నేను పట్టాను. ఈ అపార్ట్‌మెంట్ల మధ్య చంద్రుడు ఏ సందులోంచి వస్తాడో తెలియదు, ఎన్ని గంటలకు వస్తాడో ఫోనే చెబుతుంది, ఫోను చూసి తినెయ్ అజ్జీ అంటుంది మనవరాలు. అంగారకుడి మీదికి కూడా మనుషులు పోతారట. అలాంటి ఫోటోలే ఇంకో రెండు చూపించమ్మా అని మనవరాలిని అడిగాను. నేను అప్పుడూ ఇప్పుడూ నేలనే చూసి తప్పు చెప్పాను. ఈసారి ఆకాశం చూశాను. ఒకదానిలో నీలం, ఇంకొకదానిలో దుమ్ము రంగు. దుమ్ము రంగుదే అంగారకుడు అని చూపించాను, ఒప్పయింది. ఎట్లా కనిపెట్టినావజ్జీ అంటే, మా అవ్వ చెప్పింది అన్నాను. పిల్లకు అర్థం కాలేదు. అక్కడికి పోయేవాళ్ళు తిరిగి వస్తారా అని అడిగాను, అది ఇంకా తెలియదజ్జీ అనింది.